ఇంగ్లీషు సెమినార్లలో 'గో', 'కమ్', 'మూవ్': చలన రూపకాలపై తరచుగా అడిగే ప్రశ్నలు

ఇంగ్లీషు మాతృభాష కానివాళ్లు సెమినార్‌లో, తరగతి గదిలో, వైవాలో ఇంగ్లీషులో మాట్లాడేటప్పుడు కదలికను సూచించే మాటలను ఎలా వాడతారు? ఇలాంటి ప్రసంగాల రికార్డింగులు వింటూ, రాసుకుంటూ, ప్రతి 'గో'కీ ప్రతి 'కమ్'కీ గుర్తు పెడుతూ చాలాకాలం గడిపాను. విద్యార్థులు, అధ్యాపకులు, పరిశోధన మొదలుపెడుతున్నవాళ్లు నన్ను మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలకు ఇక్కడ జవాబులు రాస్తున్నాను. ఇంగ్లీషు ఉదాహరణలను తెలుగు లిపిలోనే ఇచ్చాను.

చలన రూపకం అంటే ఏమిటి?

నిజంగా కదలిక లేని చోట కదలిక మాట వాడటం. సెమినార్‌లో నిలబడ్డ మనిషి 'లెట్స్ మూవ్ ఆన్' అంటే గదిలో ఎవరూ అడుగు కదపరు. 'ఐ విల్ కమ్ బ్యాక్ టు దిస్ పాయింట్' అంటే ఆ విషయం గురించి మళ్లీ మాట్లాడతానని అర్థం. తెలుగులో 'అసలు విషయానికి వద్దాం', 'ఇంకాస్త లోతుకు వెళ్దాం', 'చర్చ పక్కదారి పట్టింది' అన్నప్పుడు మనం చేసేది కూడా ఇదే. సూటిగా చెప్పకపోతే 'డొంకతిరుగుడు' అంటాం. డొంక అంటే పొలాల మధ్య ఇరుకు దారి. తిన్నగా రావాల్సినవాడు ఆ దారిలో తిరిగి వచ్చాడన్నమాట.

రూపకం అంటే కవిత్వం కదా? పాఠాల్లో, పరిశోధన ప్రసంగాల్లో దానికేం పని?

చాలామంది ఇక్కడే పొరబడతారు. మనం ఆలోచించే తీరే చాలావరకు రూపకాలతో అల్లుకుని ఉంటుందని 1980లో భాషావేత్త జార్జ్ లేకాఫ్, తత్వవేత్త మార్క్ జాన్సన్ గట్టిగా వాదించారు. అంతకు ఏడాది ముందే, 1979లో, మైకేల్ రెడ్డీ ఒక విషయం చూపించారు. ఇంగ్లీషులో సంభాషణ గురించి మాట్లాడేటప్పుడు భావాలను వస్తువుల్లా, మాటలను వాటిని మోసుకెళ్లే పాత్రల్లా ఊహిస్తారని. 'గెట్ యువర్ ఐడియా అక్రాస్' అన్న మాటలో భావం ఈ గట్టు నుంచి ఆ గట్టుకు చేరాలి.

లెక్కలు కూడా ఇదే చెబుతున్నాయి. ఆమ్‌స్టర్‌డామ్‌లోని వ్రైయ్ విశ్వవిద్యాలయంలో గెరార్డ్ స్టీన్ బృందం ఇంగ్లీషు రచనలను, సంభాషణలను మాట మాటా పరీక్షించింది. విద్యా సంబంధమైన రచనల్లో దాదాపు 18.5 శాతం మాటలు రూపకంగా వాడినవే. మామూలు కబుర్లలో అది 7.7 శాతం. కవిత్వానికి దూరం అనుకునే చోటే రూపకాలు దట్టంగా ఉన్నాయి! 18.5 శాతమన్న ఆ లెక్క రాతకు సంబంధించినది. పాఠం చెప్పే మాటల్లో రాతా, కబుర్లూ రెండూ కలిసి ఉంటాయి కాబట్టి అక్కడ 'గో', 'కమ్', 'గెట్' లాంటి చిన్న క్రియలకు పని ఎక్కువ.

మాటల పుట్టుక చూసినా అంతే. 'కోర్స్', 'కరిక్యులమ్' రెండూ పరుగెత్తడం అనే అర్థమున్న లాటిన్ క్రియ నుంచి వచ్చాయి. 'మెథడ్'లో దారి అనే గ్రీకు మాట ఉంది. మన 'పద్ధతి' కూడా పాదాలు తొక్కగా ఏర్పడిన బాటే. తర్కంలో మనం చెప్పే ఆగమనం, నిగమనం రెండింటిలోనూ ఉన్నది 'గమనం'. అంతెందుకు, 'సంగతి'లో ఉన్నది కూడా 'గతి'యే.

విద్యా ప్రసంగంలో ఈ మాటలు ఏయే పనులు చేస్తాయి?

నా దృష్టిలో ఈ పేజీ మొత్తంలో ముఖ్యమైన ప్రశ్న ఇది. విద్యా ప్రసంగంలో ఒకే సమయంలో మూడు ప్రయాణాలు నడుస్తుంటాయి.

ఒకటి, ప్రసంగం ప్రయాణం. మాట్లాడేవారు, వినేవారు కలిసి ఒక అంశం నుంచి ఇంకో అంశానికి వెళ్తారు. 'లెట్స్ గో బ్యాక్ టు స్లయిడ్ త్రీ', 'వియ్ విల్ గెట్ టు దట్ లేటర్', 'ఐ విల్ స్కిప్ దిస్ పార్ట్' లాంటివి ఇక్కడివి. ఇవి మెట్ల పక్కన ఉండే కమ్మీ లాంటివి. రాసిన వ్యాసంలో శీర్షికలు, పేరాలు కంటికి కనిపిస్తాయి. మాటలో అవేవీ లేవు, ఈ చిన్న వాక్యాలే దారి చూపాలి.

రెండోది ఆలోచన ప్రయాణం. పరిశోధకులు ఒక ప్రశ్నతో బయలుదేరి ఒక ఫలితానికి చేరారు. 'వియ్ అరైవ్డ్ ఎట్ దిస్ కన్‌క్లూజన్', 'దిస్ లీడ్స్ టు అనదర్ క్వశ్చన్', 'వియ్ టుక్ ఎ డిఫరెంట్ రూట్' లాంటివి. ఈ ప్రయాణం ప్రసంగానికి ముందే జరిగిపోయింది. వినేవాళ్లు అందులో లేరు.

మూడోది, చెబుతున్న విషయం తాలూకు కదలిక. 'ది కర్వ్ గోస్ అప్', 'ప్రైసెస్ ఫాల్', 'దిస్ టర్మ్ డ్రాప్స్ అవుట్' అంటారు. గీత కాగితం మీద కదలకుండా ఉంటుంది, అయినా పైకి వెళ్తోందంటాం.

రికార్డింగుల్లో నాకు కనిపించిన పెద్ద చిక్కు ఏమిటంటే, రెండో భాషగా ఇంగ్లీషు మాట్లాడేవాళ్ల ప్రసంగం తడబడేది మాట తప్పు దొర్లినప్పుడు కాదు. ఈ మూడు ప్రయాణాలు ఒకదానితో ఒకటి కలిసిపోయినప్పుడు. 'నౌ వియ్ గో టు ది సెకండ్ స్టేజ్' అంటే ప్రసంగంలో రెండో భాగానికి వెళ్తున్నామా, ప్రయోగంలో రెండో దశ గురించి చెబుతున్నారా? వాక్యంలో వ్యాకరణ దోషం ఏదీ లేదు. కానీ గదిలో సగంమంది నోట్‌బుక్‌లో కొత్త శీర్షిక రాసుకుంటారు, మిగతావాళ్లు తర్వాతి దశ వివరాల కోసం ఎదురుచూస్తారు.

రెండో భాషగా మాట్లాడేవాళ్లు చలన రూపకాలు తక్కువ వాడతారా?

తక్కువ అనలేను, రకాలు తక్కువ అంటాను. 'గో', 'కమ్', 'మూవ్', 'స్టార్ట్', 'ఫాలో' ఇవి ధారాళంగా వస్తాయి. 'వాక్ యూ త్రూ', 'రన్ త్రూ', 'గో ఓవర్', 'ఫాల్ బ్యాక్ ఆన్' లాంటివి అరుదు. చిన్న క్రియకు ఇంకో చిన్న మాట తగిలించి కొత్త అర్థం తెచ్చే ఈ కూర్పులను నేర్చుకునేవాళ్లు తప్పించుకు తిరుగుతారని 1985లోనే భాషా పరిశోధకులు దగుత్, లాఫర్ చూపించారు. వాళ్లు గమనించింది హీబ్రూ మాతృభాషగా ఉన్న విద్యార్థులను. హీబ్రూలో అలాంటి కూర్పులు లేవు. అందుకే ఆ విద్యార్థులు వాటి బదులు ఒకే మాటగా ఉండే క్రియను ఎంచుకున్నారు. తర్వాత డచ్, చైనీస్ మాతృభాషల వాళ్లమీదా ఇలాంటి అధ్యయనాలు వచ్చాయి. మాతృభాష ఒక్కటే కాదు, నేర్చుకున్న స్థాయి, ఆ కూర్పు అర్థం ఎంత వంకరగా ఉందన్నది కూడా లెక్కలోకి వస్తాయని వాటివల్ల తెలిసింది.

తప్పించుకోవడం ఎప్పుడూ లోపమే అని నేననుకోను. 'గో ఓవర్' బదులు 'రివ్యూ' అన్నా పని జరుగుతుంది. అంతర్జాతీయ సమావేశంలో అందరికీ అర్థమయ్యేది చాలాసార్లు ఆ రెండోదే.

మాతృభాష ప్రభావం ఎంత? దాన్ని ఎలా గుర్తుపట్టాలి?

భాషలు కదలికను రెండు ప్రధాన తీరుల్లో చెబుతాయని భాషావేత్త లెనర్డ్ టాల్మీ వివరించారు. ఇంగ్లీషు, జర్మన్, రష్యన్ లాంటి భాషల్లో క్రియ ఎలా కదిలారో చెబుతుంది, ఎటు కదిలారో పక్కనున్న చిన్న మాట చెబుతుంది. 'రన్ ఇన్', 'క్రాల్ అవుట్' అంటారు. స్పానిష్, టర్కిష్, జపనీస్ లాంటి భాషల్లో ఎటు అనేది క్రియలోనే ఉంటుంది. స్పానిష్‌లో 'ఎంత్రార్' అంటే లోపలికి వెళ్లడం, 'సాలీర్' అంటే బయటికి రావడం. ఎలా వెళ్లారన్నది కావాలంటే విడిగా చేర్చుకోవాలి.

తెలుగుది ఎక్కువగా రెండో తీరే. ఎక్కు, దిగు, దాటు, దూరు, చేరు అన్న మాటల్లో క్రియే దారి చెబుతుంది. 'పరుగెత్తుకుంటూ లోపలికి వచ్చాడు' అన్నప్పుడు పరుగు పక్క మాట, రావడం అసలు మాట. ఇంగ్లీషులో సరిగ్గా తలకిందులు.

మాట్లాడే క్షణంలో మన భాష తీరు మన ఆలోచనను మలచడాన్ని డాన్ స్లోబిన్ 'మాట్లాడటం కోసం ఆలోచించడం' అన్నారు. ఒకే బొమ్మల పుస్తకాన్ని వేర్వేరు భాషల పిల్లల చేతా పెద్దల చేతా చెప్పించి చూస్తే, చెట్టు తొర్రలోంచి గుడ్లగూబ వచ్చే బొమ్మ దగ్గర స్పానిష్ వాళ్లు మామూలుగా 'బయటికి వచ్చింది' అన్నారు. ఇంగ్లీషు వాళ్లలో కొందరు ఎగిరి వచ్చింది, తటాలున వచ్చింది అని ఎలా వచ్చిందో కూడా కలిపి చెప్పారు. నోరు తెరిచే క్షణంలో మన భాష ఏం అడుగుతుందో దానిమీదే మన చూపు నిలుస్తుందన్నది ఆయన మాట.

ఇదే సెమినార్‌లోకీ వస్తుంది. స్పానిష్, ఫ్రెంచ్ మాట్లాడేవాళ్ల నోట 'వియ్ పాస్ టు ది నెక్స్ట్ పాయింట్' అని వినిపిస్తుంది. ఆ భాషల్లో తర్వాతి అంశానికి వెళ్లడానికి 'పసామోస్ ఆ', 'పాసోఁ ఆ' అంటారు మరి. ఇంగ్లీషు వాళ్లు 'మూవ్ ఆన్ టు' అంటారు. అర్థం చేసుకోవడంలో ఎవరికీ ఇబ్బంది రాదు, కాబట్టి దీన్ని దిద్దాలని నేను తొందరపడను.

తెలుగు మాతృభాషగా ఉన్నవాళ్లకు ప్రత్యేకంగా ఏం గమనించాలి?

మన దగ్గర చలన రూపకాలకు కొదవలేదు. కాకపోతే కొన్ని ఇంగ్లీషుతో అచ్చంగా సరిపోతాయి, కొన్ని పక్కపక్కనే ఉన్నట్టుండి వేరే దారి పడతాయి.

సరిపోయేవి ముందు. 'ఒక నిర్ణయానికి వచ్చాం' అనేది 'వియ్ కేమ్ టు ఎ డెసిషన్'. 'మాట జారింది' అన్నప్పుడు ఇంగ్లీషులోనూ జారడమే. ఇవి ధైర్యంగా వాడొచ్చు.

పరిశోధన ఫలితం దగ్గర దారులు విడిపోతాయి. మనం 'అధ్యయనంలో తేలింది' అంటాం. నీళ్లలో మునిగి ఉన్నది పైకి తేలడం అక్కడి బొమ్మ. లెక్క తేలుతుంది, విషయం తేలుతుంది, పెద్దలు తేల్చి చెబుతారు. ఇంగ్లీషులో ఫలితం 'కమ్స్ అవుట్' అవుతుంది, 'ఎమర్జ్' అవుతుంది, 'టర్న్స్ అవుట్' అవుతుంది. ఈ మూడింట్లో 'ఎమర్జ్' మన తేలడానికి బాగా దగ్గర. లాటిన్‌లో దాని పుట్టుకే మునిగినది పైకి రావడం. 'టర్న్స్ అవుట్'లో మాత్రం కాస్త ఆశ్చర్యం ఉంటుంది, ముందు అనుకున్నది ఒకటి, జరిగింది ఇంకొకటి అన్న ఛాయ. తేలింది అనుకుంటూ ప్రతి ఫలితానికీ 'ఇట్ టర్న్డ్ అవుట్' అంటే, వినేవాళ్లు మీరు ప్రతిసారీ ఆశ్చర్యపోతున్నారని అనుకుంటారు.

తప్పుల దగ్గర ఇంకా చక్కటి తేడా ఉంది. తెలుగులో తప్పులు దొర్లుతాయి. ఇంగ్లీషులో అవి పాకుతూ వస్తాయి, 'ఎర్రర్స్ క్రెప్ట్ ఇన్'. రెండూ ఎలా కదిలాయో చెప్పేవే, రెండింట్లోనూ తప్పు దానంతటదే వచ్చింది, చేసినవాళ్లు వాక్యంలో కనిపించరు. ఇంగ్లీషులో మనలాంటి వాళ్లకు 'ఎలా' చెప్పే క్రియలు రావని తేలిగ్గా అనేస్తారు. 'దొర్లాయి' చూశాక ఆ మాట నేను ఒప్పుకోలేను.

ఇంకొకటి 'దారితీయడం'. తెలుగులో అది ఎక్కువగా గొడవకో, ప్రమాదానికో, వివాదానికో దారితీస్తుంది. ఇంగ్లీషు 'లీడ్స్ టు'కి ఆ బరువు లేదు. మంచి ఫలితానికీ వాడతారు, తర్కంలో మామూలు మెట్టుకీ వాడతారు. మన చెవికి అది గంభీరంగా తోచి, వాడాల్సిన చోట కూడా కొందరు వెనకాడతారు. వెనకాడనక్కర్లేదు.

'వియ్' అన్నప్పుడు 'మనం' అనుకోవాలా, 'మేము' అనుకోవాలా?

ఈ ప్రశ్న అడిగినవాళ్లు అసలు చిక్కు పట్టుకున్నట్టే. వినేవాళ్లను కలుపుకుంటే మనం, కలుపుకోకపోతే మేము. తెలుగు ఈ తేడాను చూపుతుంది. ఇంగ్లీషు చూపదు.

ప్రసంగం ప్రయాణంలో ఉన్నది మనం. 'లెట్స్ గో బ్యాక్' అంటే మనం వెనక్కి వెళ్దాం. ఆలోచన ప్రయాణంలో ఉన్నది మేము. 'వియ్ వెంట్ బ్యాక్ టు ది డేటా' అంటే పరిశోధన బృందం డేటాను మళ్లీ చూసింది. తెలుగులో అయితే ఆ ఒక్క మాటతో శ్రోతకు తాను ప్రయాణంలో ఉన్నానో, ఒడ్డున నిలబడి చూస్తున్నానో తెలిసిపోతుంది. ఇంగ్లీషులో ఆ గుర్తు వేరే మాటతో ఇవ్వాలి. భూతకాలం ఒక ఉపాయం. జరిగిపోయిన పరిశోధనకు 'వెంట్', 'అరైవ్డ్' అనండి. 'ఇన్ దిస్ టాక్', 'ఇన్ ది ఎక్స్‌పెరిమెంట్' అని రెండు మూడు మాటలు ముందు చేర్చడం ఇంకో ఉపాయం.

తెలుగు మాట్లాడేవాళ్లకు ఇక్కడ ఒక మేలు ఉంది. వాక్యం అనే ముందు 'ఇది మనమా, మేమా' అని మనసులో ఒక్కసారి ప్రశ్నించుకుంటే చాలు. ఇంగ్లీషు మాతృభాషగా ఉన్నవాళ్లకు ఆ ప్రశ్న వాళ్ల భాష నుంచి రాదు. నేను విన్న రికార్డింగుల్లో ఈ అయోమయం వాళ్ల ప్రసంగాల్లోనూ ఉంది.

మీటింగ్ 'ముందుకు' జరిపారంటే ఏ రోజుకు?

ఇంగ్లీషులో దీనిమీద పేరున్న ప్రయోగమే ఉంది. బుధవారం సమావేశాన్ని రెండు రోజులు 'మూవ్డ్ ఫార్వర్డ్' అంటే అది ఏ రోజు జరుగుతుందని అడిగారు. కొందరు సోమవారం అన్నారు, కొందరు శుక్రవారం అన్నారు. 1998లో మెక్‌గ్లోన్, హార్డింగ్, తర్వాత లెరా బొరొడిట్‌స్కీ ఈ ప్రశ్నతో పనిచేశారు. కాలం మనవైపు వస్తోందని ఊహించేవాళ్లకు సోమవారం, మనమే కాలంలో ముందుకు నడుస్తున్నామని ఊహించేవాళ్లకు శుక్రవారం. అప్పుడే ఏదో ప్రయాణం గురించి ఆలోచించినవాళ్లు శుక్రవారం వైపు ఎక్కువగా మొగ్గారు కూడా.

తెలుగులో 'ముందు' అనే మాటకు ఎదురుగా అనీ, ఇంతకు మునుపు అనీ రెండు అర్థాలు. తేదీ ముందుకు జరిగిందంటే చాలామందికి మునుపటి రోజే తోస్తుంది. 'ఇక ముందుకు వెళ్దాం' అంటే మాత్రం తర్వాతి అంశం. ఈ రెండింటినీ తలలో పెట్టుకుని ఇంగ్లీషులో 'ఫార్వర్డ్' అనడం ప్రమాదం. వైవా, గడువు, పరీక్ష తేదీల విషయంలో 'ఫార్వర్డ్', 'బ్యాక్' రెండూ వదిలేయండి. 'అర్లియర్', 'లేటర్' అనండి, లేదా రోజు పేరే చెప్పేయండి. ఈ ఒక్క విషయంలో రూపకం వద్దనే నా సలహా.

మాట్లాడటం సరే, వినేటప్పుడు ఇబ్బంది ఎక్కడ?

తెలిసిన మాటల దగ్గరే. జెనెట్ లిటిల్‌మోర్ బ్రిటన్‌లో చదువుతున్న విదేశీ విద్యార్థులమీద చాలాకాలం పనిచేశారు. 2001లో ప్రచురించిన అధ్యయనంలో బంగ్లాదేశ్ నుంచి వచ్చిన ప్రభుత్వ అధికారులు లెక్చరర్ వాడిన రూపకాలను ఎలా అర్థం చేసుకున్నారో చూశారు. విషయం కొంత అందినా, ఆ విషయం పట్ల లెక్చరర్ వైఖరి ఏమిటన్నది చాలాసార్లు తప్పుగా అందింది. మెచ్చుకుంటున్నారో, విమర్శిస్తున్నారో తారుమారైంది. 2011లో సహచరులతో కలిసి చేసిన మరో అధ్యయనంలో ఇంకా కలవరపెట్టే విషయం బయటపడింది. రూపకాన్ని తప్పుగా అర్థం చేసుకున్నప్పుడు, తాము తప్పుగా అర్థం చేసుకున్నామన్న సంగతి విద్యార్థులు గుర్తించింది చాలా అరుదు. తెలియని మాట వస్తే చెయ్యెత్తి అడుగుతాం. తెలిసిన మాటే తెలియని అర్థంతో వస్తే అడగాలన్న ఆలోచన కూడా రాదు.

చలన క్రియలు ఇక్కడ మరీ జాగ్రత్తగా వినాలి. 'మూవ్డ్ టు దిస్ వ్యూ' అంటే అభిప్రాయం మారింది, అంతే. 'డ్రిఫ్టెడ్ టు దిస్ వ్యూ' అంటే ఆలోచన లేకుండా కొట్టుకుపోయారని విమర్శ. 'జంప్డ్ టు ది కన్‌క్లూజన్' అంటే ఆధారం లేకుండా తొందరపడ్డారు. 'స్టంబుల్డ్ అపాన్' అంటే వెతకకుండానే అనుకోకుండా దొరికింది. ఎలా కదిలారన్న చోటే ఇంగ్లీషు తన తీర్పును దాచుకుంటుంది. ఎటు వెళ్లారన్నది మాత్రమే పట్టుకునే శ్రోతకు ఆ తీర్పు జారిపోతుంది.

ఇంకో చిన్న మాట. 'ఆర్ యూ విత్ మీ?' అని అడిగితే మద్దతు అడుగుతున్నట్టు కాదు. నా మాట అందుతోందా, వెనకబడిపోలేదు కదా అని అడగడం.

గణితం, గ్రాఫులు చెప్పేటప్పుడు 'వెళ్తుంది', 'చేరుతుంది' అనడం శాస్త్రీయమేనా?

అవును. కదలని వస్తువును కదిలేదిగా చెప్పడాన్ని టాల్మీ కల్పిత చలనం అన్నారు. 'ది రోడ్ రన్స్ అలాంగ్ ది కోస్ట్' అన్నప్పుడు రోడ్డు పరుగెత్తదు, మన చూపు దానివెంట పరుగెడుతుంది.

గణితంలో ఇది మరీ ఆసక్తికరం. 'ఎక్స్ అప్రోచెస్ జీరో' అని అందరం అంటాం, బాణం గుర్తు కూడా వేస్తాం. కానీ ఎప్సిలాన్, డెల్టాలతో ఇచ్చే లిమిట్ నిర్వచనంలో ఏదీ కదలదు. ఫలానా దూరం ఇస్తే ఫలానా దూరం ఉంటుందన్న షరతులే ఉంటాయి. నిర్వచనం నిశ్చలం, దాన్ని వివరించే మాట మాత్రం కదులుతూనే ఉంటుంది. రాఫెల్ నూన్యెజ్ లాంటివాళ్లు గణిత శాస్త్రవేత్తల చేతుల కదలికల్లో కూడా ఈ నడకను గమనించారు. కాబట్టి రెండో భాషలో చెప్పేవాళ్లు 'గోస్ టు', 'అప్రోచెస్', 'బ్లోస్ అప్', 'క్యాన్సిల్స్ అవుట్' లాంటివి సొంత రంగంలో ఎలా వాడతారో అలాగే నేర్చుకోవాలి. రంగం మాటలు త్వరగా వస్తాయి, ఎందుకంటే రోజూ చదివేవి అవే. కష్టమంతా ప్రసంగాన్ని నడిపించే మాటల దగ్గరే.

ఇంగ్లీషు వాళ్లు అనని విధంగా అంటే అది తప్పా?

అన్నిసార్లూ కాదు. హెల్సింకీలో అన్నా మౌరనెన్ నాయకత్వంలో 'ఎల్ఫా' అనే భాండారం, అంటే పరిశోధన కోసం రికార్డు చేసి రాసిపెట్టిన మాటల సేకరణ, తయారైంది. అందులో ఉన్నవి ఇంగ్లీషును ఉమ్మడి భాషగా వాడే విద్యా సందర్భాలు, దాదాపు 10 లక్షల మాటలు, 50కి పైగా మాతృభాషలు. అక్కడ 'ఇన్ మై పాయింట్ ఆఫ్ వ్యూ' ('ఇన్ మై ఒపీనియన్', 'ఫ్రమ్ మై పాయింట్ ఆఫ్ వ్యూ' కలిసిపోయినది) లాంటి కలగలుపు కూర్పులు కనిపిస్తాయి. వ్యాకరణ పుస్తకం ఒప్పుకోకపోయినా గదిలో ఎవరూ తడబడరు, చర్చ సాగిపోతుంది. వియన్నాలో తయారైన 'వాయిస్' భాండారంలో ఒకరు 'వియ్ షుడ్ నాట్ వేక్ అప్ ఎనీ డాగ్స్' అంటారు. నిద్రపోతున్న కుక్కను లేపొద్దన్న ఇంగ్లీషు నానుడికి ఇంకో రూపం అది. మేరీ లూయిస్ పిట్జ్ల్ దీన్ని తప్పుగా కాక సృజనగా చూశారు. నేనూ ఆ పక్షమే.

దీనికి అవతలి వైపు కూడా ఉంది. మాతృభాషగా ఇంగ్లీషు మాట్లాడేవారు అందరికీ తెలియని నుడికారం వాడి, మిగతావాళ్లకు అందకుండా పోవడాన్ని బార్బరా సైడ్ల్‌హోఫర్ ఏకపక్ష నుడికారం అన్నారు. పలు దేశాలవాళ్లు కూర్చున్న గదిలో 'లెట్స్ కట్ టు ది చేజ్' (నేరుగా అసలు విషయానికి వద్దాం) అన్నవారిది కూడా సంభాషణ లోపమే. అంతా సర్దుకోవాల్సింది నేర్చుకునేవాళ్లే అన్న అభిప్రాయం నాకు న్యాయంగా తోచదు.

దిద్దాల్సింది ఎప్పుడంటే, దిక్కు మారిపోయినప్పుడు. ముందా వెనకా, మనమా మేమా, లోపలికా పైపైనా అన్నవి తారుమారైతే అర్థం తారుమారవుతుంది. 'గో ఇన్‌టు' అంటే వివరాల్లోకి దిగడం, 'గో ఓవర్' అంటే మొత్తం ఒకసారి తిరగేయడం, 'పాస్ ఓవర్' అంటే పట్టించుకోకుండా వదిలేయడం. మూడోది రెండోదనుకుని వాడితే, ముఖ్యమైన అంశాన్ని మీరు వదిలేస్తున్నారని శ్రోత అనుకుంటారు.

ప్రతి స్లయిడ్‌కూ 'నెక్స్ట్' అంటే సరిపోదా?

సరిపోదు. 'నెక్స్ట్' ఏదో ఒకటి వస్తోందని మాత్రమే చెబుతుంది. ఎక్కడి నుంచి ఎక్కడికి, ఎందుకు అన్నది చెప్పదు.

చేతుల కదలికకు ఇందులో పాత్ర ఉందా?

చాలా ఉంది. 'గో బ్యాక్' అంటూ చెయ్యి భుజం వెనక్కి చూపడం, 'మూవ్ ఆన్' అంటూ పక్కకు జరపడం మీరు గమనించే ఉంటారు. రూపకం మాటలోనే కాదు, సైగలోనూ ఉంటుందని ఆలన్ చియెన్కి, కోర్నీలియా మ్యూలర్ వివరంగా చూపారు. రెండో భాషలో మాట దొరకని క్షణంలో చెయ్యి ముందు కదులుతుంది. అది బలహీనత కాదు, శ్రోతకు అదీ సమాచారమే. వీడియో లేని ఆన్‌లైన్ సెమినార్‌లో మాత్రం ఆ ఆసరా పోతుంది. అలాంటప్పుడు దిక్కు చెప్పే మాటలను కాస్త ఎక్కువగానే వాడండి.

వీటిని ఎలా నేర్చుకోవాలి, ఎలా నేర్పాలి?

అక్షర క్రమంలో జాబితా ఇచ్చి బట్టీ పట్టించడం నాకు నచ్చదు. ఫ్రాంక్ బోర్స్ 2000లో చూపినట్టు, మూలంలో ఉన్న బొమ్మ ప్రకారం మాటలను గుంపులుగా పెడితే బాగా గుర్తుంటాయి. నడక మాటలన్నీ ఒక చోట, పడటం, లేవడం ఇంకో చోట పెట్టండి. సెత్ లిండ్‌స్ట్రంబర్గ్‌తో కలిసి ఆయన 2005లో ఇంకో అడుగు వేశారు. ఎలా కదిలారో చెప్పే క్రియలను విద్యార్థులు నటించి చూపినప్పుడు, తోటివారు నటించగా చూసినప్పుడు ఆ మాటలు నిలిచాయి, రూపక అర్థం పట్టుకోవడం కూడా తేలికైంది. 'డ్రిఫ్ట్' అంటే ఏమిటో పది వాక్యాల్లో చెప్పడంకన్నా, లేచి గదిలో గాలివాటుగా నాలుగడుగులు వేయించడం మేలు. తర్వాత 'ది డిస్కషన్ డ్రిఫ్టెడ్' అంటే వివరించాల్సిన పనే ఉండదు.

నేను చేయించే పని ఇంకొకటి ఉంది. ప్రసంగాన్ని ముందు తెలుగులో రెండు నిమిషాలు చెప్పిస్తాను. అందులో వాళ్లకు తెలియకుండానే వచ్చిన 'వద్దాం', 'వెళ్దాం', 'దాటేద్దాం', 'తేలింది' అన్నీ గీత గీయిస్తాను. ఆ తర్వాతే ఇంగ్లీషు. తమ భాషలో ఇప్పటికే దారి చూపించగలమన్న సంగతి తెలిశాక టెన్షన్ సగం తగ్గుతుంది.

దీనిమీద చిన్న పరిశోధన చేయాలనుకుంటున్నాను. డేటా ఎక్కడ దొరుకుతుంది, ఎలా గుర్తించాలి?

పోల్చడానికి మూడు భాండారాలు బాగా పనికొస్తాయి. మిషిగన్ విశ్వవిద్యాలయంలో తయారైన 'మైకేస్'లో 152 సందర్భాలు, దాదాపు 18 లక్షల మాటలు ఉన్నాయి. బ్రిటన్‌లోని వారిక్, రెడింగ్ విశ్వవిద్యాలయాల 'బేస్'లో 160 లెక్చర్లు, 40 సెమినార్లు ఉన్నాయి. రెండో భాష వాడుక కోసం పైన చెప్పిన 'ఎల్ఫా' చూడండి. ఒక జాగ్రత్త మాత్రం తీసుకోవాలి. లెక్చర్‌ను లెక్చర్‌తోనే, చర్చను చర్చతోనే పోల్చండి. 'ఎల్ఫా'లో దాదాపు మూడింట రెండు వంతులు చర్చలే. లెక్చర్లను వాటితో పోల్చితే మీకు కనిపించేది మాతృభాష తేడా కాదు, సందర్భం తేడా.

గుర్తించడానికి 2007లో ప్రాగిల్‌జాజ్ అనే రూపక పరిశోధకుల బృందం ఇచ్చిన పద్ధతి సరళంగా ఉంటుంది. మాటకు ఈ సందర్భంలో ఉన్న అర్థం రాసుకోండి. అదే మాటకు ఇంకా భౌతికమైన, శరీరానికి దగ్గరైన అర్థం ఉందేమో నిఘంటువులో చూడండి. రెండూ వేరై, పోల్చి అర్థం చేసుకోగలిగితే అది రూపకం. 'గో టు ది లైబ్రరీ' కాదు, 'గో టు ది సెకండ్ క్వశ్చన్' అవును. స్లయిడ్ల దగ్గర సందేహం వస్తుంది. 'గో టు స్లయిడ్ ఫైవ్' అన్నప్పుడు తెర మీద నిజంగానే ఏదో మారుతుంది కదా! నేనైతే కదిలేది మనిషి కాదు కాబట్టి రూపకంగానే లెక్కిస్తాను, పక్కన ఒక గుర్తు పెట్టుకుంటాను. మీరు ఏది ఎంచుకున్నా మొదటి నుంచి చివరి దాకా ఒకేలా పాటించండి, ఇంకొకరి చేత కూడా కొంత భాగం గుర్తింపజేసి పోల్చుకోండి.

నా ప్రసంగాన్ని నేనే ఎలా సరిచూసుకోవాలి?

ఫోన్‌లో పది నిమిషాలు రికార్డ్ చేసి, కదలిక మాటలన్నీ ఒక కాగితం మీద వరసగా రాయండి. ఒక్కోదాని పక్కన మూడు ప్రశ్నలకు జవాబు పెట్టండి: కదులుతున్నది ఎవరు, ఎక్కడి నుంచి, ఎక్కడికి? 'కదులుతున్నది ఎవరు' అన్న చోట మనం, మేము, విషయం అన్న మూడింట్లో ఏదో ఒకటి తప్పనిసరిగా రాయండి. జవాబు వెంటనే రాని వాక్యాలను మాత్రమే తిరిగి రాసుకోండి. మామూలుగా అవి ఒక అంశం ముగిసి ఇంకోటి మొదలయ్యే చోట్లలోనే ఉంటాయి, ముఖ్యంగా పద్ధతి నుంచి ఫలితాలకు మారే దగ్గర.